నడక నేర్పే కొలువులు మన జిల్లాల్లోనే కావాలి

పక్షవాతం వచ్చిన మనిషి బతికి బయటపడితే చాలనుకుంటాం. 108 వచ్చింది, జిల్లా ఆస్పత్రికో హైదరాబాద్‌కో తీసుకుపోయారు, గండం గడిచింది, కొన్నాళ్లకు ఇంటికి తెచ్చారు. చుట్టాలు వచ్చి చూసిపోయారు. అక్కడితో అయిపోయిందనుకుంటారు అందరూ. నిజానికి ఆ ఇంటి అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. మంచం నుంచి వాకిలి దాకా, వాకిలి నుంచి వీధి చివర కిరాణా కొట్టు దాకా, అక్కడి నుంచి బస్టాండ్ దాకా... వీటిలో ఎంత దూరం మళ్లీ తన కాళ్ల మీద పోగలరన్నదే ఆ మనిషి మిగతా జీవితాన్ని తేల్చేస్తుంది. ఆ ఇంట్లో ఇంకొకరు కూలి మానుకుని కూర్చోవాలా, పనికి పోవచ్చా అన్నదీ దాని మీదే ఆధారపడుతుంది.

పోయిన నడకను తిరిగి నేర్పడానికి కొన్ని దేశాల్లో ఆగ్మెంటెడ్ రియాలిటీని వాడుతున్నారు. మన భాషలో చెప్పాలంటే, కళ్ల ముందున్న నిజమైన నేల మీదే కంప్యూటర్ గీసిన అడుగుల గుర్తులు, అడ్డంకులు కనిపించేలా చేయడం. ఇలాంటి వార్త చదివినప్పుడు మన విద్యార్థుల్లో రెండు రకాల స్పందనలు వస్తాయి. 'అబ్బ, ఎంత గొప్ప టెక్నాలజీ!' అనేది ఒకటి. 'ఇవన్నీ అమెరికాలోనే, మన నల్లగొండలో ఎక్కడివి?' అనేది రెండోది. రెండింటితోనూ ఆగిపోవద్దు. ఈ పరికరాలు మన జిల్లాలకు రావాలి. అయితే అవి అట్టపెట్టెలో వచ్చి ఆస్పత్రి మూల గదిలో దుమ్ము పట్టకుండా ఉండాలంటే, వాటిని తయారు చేసే, సరిదిద్దే, రోజూ వాడే చేతులు ముందు ఇక్కడ ఉండాలి. ఆ చేతులు మీవే ఎందుకు కాకూడదు?

ఇది ఎంత మంది సమస్య?

ప్రపంచవ్యాప్త వ్యాధి భారంపై 2021 సంవత్సరానికి వేసిన అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 1.19 కోట్ల మందికి కొత్తగా పక్షవాతం వచ్చింది. సుమారు 73 లక్షల మంది చనిపోయారు. అప్పటికే దాని బారిన పడి బతికి ఉన్నవారు 9 కోట్లకు పైమాటే. పాతికేళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పక్షవాతం వచ్చే ముప్పు ఉందని ఇదే అధ్యయన బృందం అంతకుముందు లెక్కగట్టింది. ముసలితనం జబ్బు అనుకునేరు. బీపీ, షుగర్, పొగాకు, మద్యం కలిస్తే నలభై, యాభై ఏళ్ల వాళ్లనూ ఇది వదలదు. అంటే ఇంటికి సంపాదించి పెట్టే వయసులోనే.

పాలమూరు సంగతి మీకు చెప్పక్కర్లేదు. పనుల కోసం హైదరాబాద్, ముంబయి, పుణె దాకా వలసపోయే జిల్లా ఇది. కొడుకు, కోడలు కాంట్రాక్టు పనిలో ఎక్కడో ఉంటారు. ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు, చిన్నపిల్లలు. అక్కడ తాతకు కాలు, చెయ్యి పడిపోతే పొద్దున, సాయంత్రం పట్టుకుని నడిపించడానికి అవ్వ ఒక్కతే దిక్కు. ఆమెకూ మోకాళ్ల నొప్పులు. అటు దేవరకొండ, ఇటు అచ్చంపేట చుట్టుపక్కల తండాల నుంచి వ్యాయామం కోసం వారానికి మూడు సార్లు హైదరాబాద్ పోయి రావాలంటే ఎవరివల్ల అవుతుంది? రాజధాని చేరాలంటే వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో టికెట్ లేదు, మంచిదే. కానీ టికెట్ ఉచితమైనా బస్సు మెట్టు ఎత్తు తగ్గలేదు కదా. ఆ మెట్టు ఎక్కలేకపోవడమే ఇక్కడి జబ్బు.

ఈ ఖాళీలోకి ఎవరు వస్తారో మనకు తెలుసు. ఎక్కడో పసరు పోస్తారంటే పోతారు. పావురం రక్తం రాస్తే నరాలకు వేడి పుడుతుందంటే రాస్తారు. జనాన్ని ఎగతాళి చేసి లాభం లేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు 'ఎక్సర్‌సైజులు చేయించండి' అని ఒక్క మాట చెప్పి వదిలేస్తే, ఎలా చేయించాలో చూపే మనిషి మళ్లీ కనిపించకపోతే, ఎవరు నమ్మకంగా మాట్లాడితే వాళ్ల దగ్గరికే పోతారు. అలా పోయే కాలం కూడా విలువైనదే. పక్షవాతం తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే మెదడు వేగంగా కోలుకుంటుంది. తర్వాత కూడా మెరుగుదల ఉంటుంది గానీ నెమ్మదిగా వస్తుంది.

నడక ఎక్కడ తప్పుతుంది?

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుపోయినా, చిట్లినా ఆ భాగంలోని కణాలు దెబ్బతింటాయి. ఎడమ మెదడు దెబ్బతింటే కుడి పక్క, కుడి మెదడు దెబ్బతింటే ఎడమ పక్క పడిపోతుంది. కాలిలో ఎముక విరగలేదు, కండరం తెగలేదు. దానికి అందాల్సిన ఆదేశమే సరిగా అందడం లేదు.

అందుకే పక్షవాతం నుంచి తేరుకున్నవారి నడక ప్రత్యేకంగా ఉంటుంది. పాదం ముందుభాగం పైకి లేవదు, వేళ్లు నేలను రాస్తాయి. తట్టుకోకుండా ఉండేందుకు కాలిని బయటికి గుండ్రంగా తిప్పి వేస్తారు. బాగున్న కాలి మీదే బరువంతా మోపుతారు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు పొట్టి. చూపు ఎప్పుడూ నేల మీదే. పక్కనుంచి ఎవరైనా పలకరిస్తే ఆగిపోతారు, ఎందుకంటే నడవడం, మాట్లాడటం రెండూ ఒకేసారి చేయడం ఇప్పుడు మెదడుకు బరువు.

శుభవార్త ఏమిటంటే, మెదడుకు కొత్త దారులు వేసుకునే గుణం ఉంది. కణాలు చనిపోయిన చోట తిరిగి మొలవకపోయినా, పక్కనున్న భాగాలు ఆ పనిని కొంత నేర్చుకోగలవు. దానికి మూడు కావాలి. ఒకే పనిని వందల సార్లు చేయాలి. ఆ పని నిజ జీవితంలో చేసేదే అయి ఉండాలి. చేసింది సరిగా ఉందో లేదో వెంటనే తెలియాలి. మంచం మీద పడుకోబెట్టి కాలు వంచి చాపడం కీళ్లు బిగుసుకోకుండా కాపాడుతుంది, కానీ నడక రావాలంటే నడవాల్సిందే.

నడకను కొలవడానికి ఖరీదైన యంత్రమూ అక్కర్లేదు. పది మీటర్ల దూరం గీత గీసి, ఎన్ని సెకన్లలో దాటారో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూడండి. ముందూ వెనకా కొంత జాగా వదిలి, పక్కన ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. సెకనుకు 0.4 మీటర్ల కన్నా తక్కువ వేగమైతే, అంటే పది మీటర్లకు 25 సెకన్లు దాటితే, ఆ మనిషి నడక చాలావరకు ఇంటికే పరిమితమని ఫిజియోథెరపిస్టులు లెక్కేస్తారు. 0.8 మీటర్లు దాటితే, అంటే పన్నెండున్నర సెకన్లలోపు నడిస్తే, ఊళ్లో తన పని తాను చేసుకోగలరని అర్థం. 1995లో అమెరికా పరిశోధకులు ప్రతిపాదించిన ఈ కొలత ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. ఇంటికీ ఊరికీ మధ్య తేడా పన్నెండు సెకన్లు! ఆ పన్నెండు సెకన్లు తగ్గించడమే ఈ వృత్తి.

ఏఆర్ చేసే పని ఏమిటి?

2016లో పోకెమాన్ గో ఆట వచ్చినప్పుడు ఫోన్ కెమెరాలో మన వీధిలోనే బొమ్మలు తిరగడం మీలో చాలామంది చూసే ఉంటారు. అదే ఏఆర్. వర్చువల్ రియాలిటీలో కళ్లు పూర్తిగా మూసేసి వేరే లోకం చూపిస్తారు. ఏఆర్‌లో మన గది, మన నేల అలాగే ఉంటాయి, వాటి మీద అదనపు బొమ్మ చేరుతుంది. నడిచేవారికి నిజమైన నేల కనిపించడం ముఖ్యం కాబట్టి నడక శిక్షణకు ఏఆర్ బాగా నప్పుతుంది.

ఇది మూడు రూపాల్లో ఉంది. మొదటిది కళ్లద్దాలు. పెట్టుకుంటే నేల మీద వెలుగు పలకలు కనిపిస్తాయి, ఒక్కో పలక మీద ఒక్కో అడుగు వేస్తూ పోవాలి. రెండోది ట్రెడ్‌మిల్ మీద ప్రొజెక్టర్. నెదర్లాండ్స్‌లో తయారైన సీ-మిల్ అనే పరికరంలో కదిలే బెల్టు మీదే అడుగుల గుర్తులు, అడ్డంకులు వెలుగులో పడతాయి. రోగి పడిపోకుండా పైనుంచి పట్టీలు కట్టి ఉంచవచ్చు. గుర్తు మీద సరిగా కాలు పడిందో లేదో యంత్రమే లెక్కిస్తుంది. మూడోది ఫోన్ లేదా ట్యాబ్ కెమెరా. మనిషి మోకాలు, మడమ, తుంటి ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్ గుర్తించి, నడక ఎంత వంకరగా ఉందో తెర మీద గీతల్లో చూపిస్తుంది. మూడింటిలో చవకైనది, మన జిల్లాలకు ముందుగా రాగలిగింది ఈ మూడోదే.

ఇందులో మాయేమీ లేదు. నేల మీద గీత కనిపిస్తే కాలు దాన్ని అందుకోవాలని చూస్తుంది. ఫిజియోథెరపిస్టులు ఎప్పటినుంచో రంగు టేపు అంటించి, సుద్దతో గీతలు గీసి ఇదే చేయిస్తున్నారు. మన వాకిట్లో ముగ్గుపిండితో అడుగుకో గీత గీసినా సూత్రం అదే. మరి లక్షలు పోసి అద్దాలెందుకు? గీసిన గీత కదలదు. ఏఆర్ గీత రోగి అడుగును బట్టి దగ్గరికి, దూరానికి జరుగుతుంది. నిన్న నలభై సెంటీమీటర్లు వేసిన మనిషికి ఇవాళ నలభై రెండు పెడుతుంది. ఉన్నట్టుండి అడ్డంగా ఒక మేకపిల్లను చూపించి ఆగడం నేర్పుతుంది, నిజంగా తట్టుకునే ప్రమాదం లేకుండా. ఎన్ని అడుగులు వేశారో, ఎన్ని తప్పాయో రాసిపెడుతుంది. రోజూ అదే వ్యాయామమంటే విసుగుపుట్టే మనిషికి ఆటలా అనిపిస్తుంది. గీతకు, ఏఆర్‌కు తేడా ఇంతే. ఈ తేడా చిన్నది కాదు, అలాగని అద్భుతమూ కాదు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

యంత్రం వచ్చినంత మాత్రాన నడక వచ్చేస్తుందనుకునేవారు ఒక పాత పరిశోధన గురించి తెలుసుకోవాలి. అమెరికాలో 408 మంది పక్షవాత బాధితులతో చేసిన లీప్స్ అనే అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. కొందరిని పట్టీలతో వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. ఇంకొందరికి ఫిజియోథెరపిస్టు ఇంటికే వెళ్లి బలం, తూకం పెంచే వ్యాయామాలు చేయించారు. ఏడాది తర్వాత చూస్తే మొత్తం మీద 52 శాతం మంది నడక సామర్థ్యంలో ఒక మెట్టు పైకి వచ్చారు. కానీ యంత్రం వాడిన వారికీ, ఇంట్లో చేసినవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు!

వర్చువల్ రియాలిటీ మీద కూడా ఇలాంటి జాగ్రత్త మాటే వినిపించింది. 2017లో కాక్రేన్ సంస్థ 72 అధ్యయనాలను, అంటే 2,470 మందిని కలిపి పరిశీలించింది. మామూలు చికిత్సకు అదనంగా వాడితే మేలు ఉండవచ్చని, మామూలు చికిత్సను తీసేసి దాని స్థానంలో పెడితే అంతకన్నా గొప్ప ఫలితం లేదని చేతి కదలికల విషయంలో తేల్చింది. నడక వేగం మీద గట్టిగా ఏదీ చెప్పడానికి ఆధారాలు చాలలేదంది.

అలాగని కుటుంబానికి నేర్పి వదిలేస్తే చాలా? దానికీ మన దేశంలోనే జవాబుంది. అటెండ్ పేరుతో 14 ఆస్పత్రుల్లో 1,250 మంది రోగులతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఇంట్లో చూసుకునేవారికే శిక్షణ ఇచ్చి వ్యాయామాలు చేయించమన్నారు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత శిక్షణ ఇచ్చిన గుంపులోనూ, ఇవ్వని గుంపులోనూ 47 శాతం మంది చనిపోవడమో, ఇంకొకరి మీద ఆధారపడటమో జరిగింది. ఇంటివాళ్ల ప్రేమ తక్కువై కాదు. అది నేర్చిన మనిషి చేయాల్సిన పని కాబట్టి.

ఈ మూడు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడండి. యంత్రం ఒక్కటే చాలదు. ఇంటివాళ్లు ఒక్కరే చాలరు. రోగిని చూసి, ఇవాళ ఎంత చేయించాలో తెలిసి, రేపు మళ్లీ వచ్చే శిక్షితుడైన మనిషి కావాలి. అలాంటి ఒక్క ఫిజియోథెరపిస్టు చేతిలో ఏఆర్ ఉంటే, ఆయన వారానికి ఒకసారే రాగలిగినా మిగతా ఆరు రోజులు రోగి ఎలా నడిచారో ఫోన్‌లో చూసుకోవచ్చు. మన జిల్లాలకు ఏఆర్ అవసరం అక్కడుంది. మనిషి స్థానంలో దాన్ని పెట్టాలనుకుంటే మాత్రం డబ్బు దండగ.

మన నేల వేరు, మన కాళ్ల కథ వేరు

నెదర్లాండ్స్ ఆస్పత్రి నేల అద్దంలా ఉంటుంది. మన ఊళ్లో ఎత్తు గడప, అరుగు, మోరీ మీద వేసిన బండ, సగం తెగిన సీసీ రోడ్డు, చేను గట్టు ఉంటాయి. రోగి చెప్పులు వేసుకుంటారా, వట్టికాళ్లతో నడుస్తారా, ధోవతా, చీరా అన్నదీ లెక్కలోకి వస్తుంది. చీర కుచ్చిళ్లు మోకాలిని కప్పేస్తే కెమెరా సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. మధ్యాహ్నం ఎండలో అద్దాల్లోని బొమ్మ వెలిసిపోతుంది. సూచనలు ఇంగ్లిష్‌లో ఉంటే ఎవరికి అర్థమవుతాయి? తెలుగులో ఉండాలి, అదీ ఇక్కడి తెలుగులో. తండాల్లో లంబాడీ భాషలో, పాలమూరు, గద్వాల పట్టణాల్లో ఉర్దూలో కూడా వినిపించాలి. ఇవేవీ ఆమ్‌స్టర్‌డామ్ ఇంజినీర్‌కు తట్టవు. మీకు తడతాయి.

నల్లగొండకు ఇంకో మాట ఉంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతంలో తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయాయి. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాక కొత్త తరానికి ఊరట దొరికింది, కానీ పాత నష్టం ఒంట్లోనే ఉంది. అలాంటి మనిషికి పక్షవాతం వస్తే, 'మోకాలు ఇంత వంచాలి' అని విదేశీ సాఫ్ట్‌వేర్ పెట్టిన లెక్క పనిచేయదు. వంగని మోకాలిని వంచమని రోజూ తప్పు గంట కొడితే రోగి రెండో రోజుకే వదిలేస్తారు. ఎవరి కాలికి తగ్గ లక్ష్యం వారికి పెట్టాలి.

ఫ్లోరైడ్ పోరాటం నుంచి నేర్చుకోవాల్సింది ఇంకా ఉంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పుర్‌లోని నీరి శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. దానికి పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. తూర్పు ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే వాడారు. బకెట్‌లో చేసుకోగలిగేంత తేలిక. అయినా అది ఎందుకు నిలదొక్కుకోలేదు? రోజూ సరైన మోతాదు కలపాలి, అడుగున మిగిలే బురదను తీసి పారేయాలి, నీళ్లను పరీక్షిస్తూ ఉండాలి. ఆ పని రోజూ చేసే మనిషి ఉన్నన్నాళ్లే అది నడిచింది. టెక్నాలజీ పనిచేయడం ఒక సంగతి, దాన్ని పనిచేయించే మనిషి ఉండటం ఇంకో సంగతి. మన జిల్లా పేరుతో ప్రపంచానికి అందిన పాఠమిది. ఏఆర్ విషయంలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిన అవసరం లేదు.

ఇంతకీ మీరు ఏం చదవొచ్చు?

బైపీసీ విద్యార్థులకు ఎంబీబీఎస్ సీటు రాకపోతే లోకం ఆగిపోదు. బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ ఉంది. ఆక్యుపేషనల్ థెరపీ ఉంది. అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు తిరిగి నేర్పే చదువు అది. వేలాడే పాదాన్ని నిలబెట్టే చీలమండ పట్టీలు, కృత్రిమ కాళ్లు తయారు చేసే ప్రోస్థెటిక్స్, ఆర్థోటిక్స్ కోర్సు ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో ఫిజియోథెరపీ కోర్సు ఉంది. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో కళాశాలలున్నాయి. కటక్, కోల్‌కతా, చెన్నైల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంతో ఈ చదువులకు దేశమంతటా ఒకే నియంత్రణ వచ్చింది. ప్రవేశ నియమాలు, కోర్సు కాలం మారుతున్నాయి కాబట్టి సీనియర్ చెప్పాడని కాకుండా ఆ ఏడాది నోటిఫికేషనే చదవండి. గుర్తింపు లేని కాలేజీకి ఫీజు కట్టి మోసపోకండి.

ఎంపీసీ వాళ్లకూ ఇందులో చోటుంది. ఐఐటీ హైదరాబాద్‌లో, ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది. సాధారణ సీఎస్ఈ చదువుతున్నవారైనా యూనిటీ, త్రీడీ మోడలింగ్, ఏఆర్‌కోర్, కెమెరాతో శరీర కదలికలు గుర్తించే మీడియాపైప్ లాంటి ఉచిత సాధనాలు నేర్చుకోవచ్చు. మన దగ్గర ఇది జరగని పని కాదనడానికి రుజువు కావాలా? ఐఐటీ హైదరాబాద్ నుంచి ఎదిగిన బీఏబుల్ హెల్త్ అనే స్టార్టప్ ఆర్మేబుల్ పేరుతో, పక్షవాతంతో పడిపోయిన చేతికి ఆటల ద్వారా వ్యాయామం చేయించే పరికరాన్ని తెచ్చింది. ఐఐటీ మద్రాస్, వేలూరు సీఎంసీ కలిసి చేతివేళ్ల శిక్షణకు ప్లూటో అనే చిన్న రోబోను తయారు చేశాయి. గాంధీనగర్ ఐఐటీలో తూకం, నడక మీద వర్చువల్ రియాలిటీ ప్రయోగాలు జరిగాయి. ఇంజినీర్, థెరపిస్టు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఇలాంటి పనికి ప్రాణం.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం మీరు ఏదో ఒకటి చేయాల్సిందే కదా. కొనుక్కొచ్చిన ప్రాజెక్టు రిపోర్టుకు బదులు ఇది ప్రయత్నించండి: పదివేల రూపాయల ఫోన్‌లో నడిచే, నెట్ లేకున్నా పనిచేసే, పది మీటర్ల నడక పరీక్షను లెక్కించి తెలుగులో చెప్పే యాప్. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది, వైద్య కళాశాలా ఉంది. రెంటి మధ్య దూరం ఆటో చార్జీ అంత. మొదటి వారం కోడ్ రాయకండి. అనుమతి తీసుకుని ఫిజియోథెరపీ గదిలో ఊరికే కూర్చుని చూడండి. రోగి ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ భయపడుతున్నారు, థెరపిస్టు ఏ మాట వాడుతున్నారు అన్నది చూశాకే తెర ముందు కూర్చోండి.

కొన్ని హెచ్చరికలు కూడా. ఒక కంపెనీ పరికరాన్నే నమ్ముకుని అంతా కట్టుకోవద్దు. మైక్రోసాఫ్ట్ 2019లో 3,500 డాలర్లకు తెచ్చిన హోలోలెన్స్-2 అద్దాల తయారీని 2024లో ఆపేసింది. వాటి మీదే అంతా కట్టుకున్నవారు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. రెండోది, పక్షవాతం వచ్చినవారిలో కొందరికి ఒక పక్క చూపు తగ్గుతుంది, ఇంకొందరు ఆ పక్క ఉన్నదాన్ని గమనించరు. అలాంటివారికి ఈ బొమ్మలు మేలు కన్నా హాని చేయొచ్చు. పడితే తుంటి ఎముక విరుగుతుంది. కాబట్టి థెరపిస్టు పరీక్షించకుండా, పక్కన మనిషి లేకుండా ఎవరికీ అద్దాలు తొడగొద్దు. మూడోది, రోగి నడిచే వీడియో ఆయన సొంతం. అడగకుండా తీయడం, వాట్సాప్‌లో పంచుకోవడం తప్పు. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతి ముఖ్యమనే అంటోంది.

సర్కారు చేయాల్సిన పని

యువతకు ఇన్ని చెప్పి ప్రభుత్వాన్ని వదిలేస్తే న్యాయం కాదు. పదేళ్ల కింద ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాల ఒక్కటీ లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాల, నారాయణపేట, యాదాద్రిలలో 2024లో మొదలయ్యాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. భవనాలు వచ్చాయి, డాక్టర్లు తయారవుతున్నారు. ప్రాణం కాపాడే శక్తి పెరిగే కొద్దీ, బతికి నడవలేని వారి సంఖ్యా పెరుగుతుంది. వారి కోసం ఈ ఆస్పత్రుల్లో పునరావాస విభాగం గట్టిగా ఉండాలి. డిశ్చార్జి కాగితం మీద తర్వాతి ఫిజియోథెరపీ తేదీ, చేయించే మనిషి పేరు, దగ్గరి కేంద్రం రాసి ఇవ్వాలి. మండల స్థాయిలో వారానికి కొన్ని రోజులైనా ఫిజియోథెరపిస్టు దొరకాలి. ఆ పోస్టులు మంజూరై, రెగ్యులర్‌గా భర్తీ కావాలి.

పోస్టు లేని చదువుకు పిల్లలు రారు. ఇది దాచాల్సిన విషయం కాదు. ఫిజియోథెరపీ పూర్తిచేసినవారికి ప్రైవేటులో మొదటి జీతాలు చిన్నవిగానే ఉంటున్నాయి. చాలామంది విదేశాల వైపు చూస్తున్నారు, తప్పుపట్టలేం. ఒకపక్క పనిలేని థెరపిస్టులు, ఇంకోపక్క థెరపిస్టు లేని రోగులు. మధ్యలో లేనిది ఒక్క నియామక ఉత్తర్వు.

నలభై శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉందని సదరం ధ్రువపత్రం ఉన్నవారికి రాష్ట్రం నెలనెలా 4,016 రూపాయల పింఛను ఇస్తోంది. ఇవ్వాల్సిందే, అది వారి హక్కు. అదే మనిషికి మొదటి ఆరు నెలల్లో నడక నేర్పే ఏర్పాటు కూడా హక్కుగానే అందాలి. పింఛను కోసం బ్యాంకుకు తన కాళ్ల మీద తానే పోగలిగితే ఆ రూపాయికి విలువ ఇంకా పెరుగుతుంది.

అంతవరకూ మీరు ఆగాల్సిన పనిలేదు. మీ వీధిలో పక్షవాతం వచ్చి ఇంట్లో కూర్చున్నవారు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రిలో ఫిజియోథెరపీ ఏ రోజుల్లో ఉంటుందో అడిగి, ఒక్కసారి వాళ్లను తీసుకుపొండి. బీపీ మాత్ర మధ్యలో ఆపొద్దని చెప్పండి, ఎందుకంటే ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువ. థెరపిస్టు ఏ వ్యాయామం చెప్పారో మీ ఫోన్‌లో రాసుకుని ఇంటివాళ్లకు గుర్తుచేయండి. ఆ పని మీకు నచ్చిందనిపిస్తే, అదే మీ కెరీర్ కావచ్చు. ఇంటర్ తర్వాత ఏం చదవాలన్న ప్రశ్నకు ర్యాంకు కార్డు ఒక జవాబు ఇస్తుంది. గడప దాటలేక కూర్చున్న మనిషి ఇంకో జవాబు ఇస్తారు. రెండూ విన్నాకే దరఖాస్తు నింపండి.